ముద్దు ఎవరికి వస్తుంది?

అనువాదకులను చిక్కులలో పెట్టే మాటలు రెండు రకాలు. కొన్నింటికి మన భాషలో సమానమైన పదమే దొరకదు. మరికొన్నింటికి చటుక్కున దొరుకుతుంది గాని, దొరికినది నిజంగా సమానం కాదని కొంతదూరం నడిచాక గాని తెలిసిరాదు. ఇంగ్లీషులోని ‘క్యూట్’ అనే మాట ఈ రెండవ జాతికి చెందినది. దానికి మనం ‘ముద్దుగా ఉన్న’ అని వ్రాసి ముందుకు పోతాము. పాఠకుడు అభ్యంతరం చెప్పడు. కాని ఆ రెండు మాటల పుట్టుకలూ వేరు, నడకలూ వేరు.

‘క్యూట్’ అన్నది ‘అక్యూట్’ అనే మాటకు తల తెగిన రూపం. పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లీషులో దానికి చురుకైన, గడుసైన అని అర్థం. పంతొమ్మిదవ శతాబ్దంలో అమెరికా చేరిన తరువాతనే దానికి చూడచక్కని, బుల్లి అనే అర్థం అబ్బింది. గడుసుతనంగా ఉన్నా, అందంగా ఉన్నా, అది ఎదుటి వస్తువుకు అంటిపెట్టుకొని ఉండే గుణం. పింగాణీ బొమ్మకు నునుపు ఎట్లాగో, ‘క్యూట్’ పిల్లికి క్యూట్‌తనం అట్లాగ.

మన ‘ముద్దు’ అట్లా కాదు. అది గుణమూ అవుతుంది, క్రియా అవుతుంది, బంధుత్వమూ అవుతుంది. పిల్లవాడు ముద్దుగా ఉన్నాడని అనవచ్చును. కాని ఇంట్లో సాధారణంగా అనేది “వీడు నాకు ముద్దొస్తున్నాడు” అని. ఆ ‘నాకు’ అనే మాటలో ఒక నిజాయితీ ఉన్నది. ఆకలి ఎవరికి వేస్తున్నదో, నిద్ర ఎవరికి వస్తున్నదో చెప్పినట్లే, ముద్దు ఎవరికి వస్తున్నదో కూడా తెలుగు వ్యాకరణం చెప్పి తీరుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు అన్న సామెతలోని బలమంతా ఆ ‘కాకికి’ అన్న విభక్తి ప్రత్యయంలోనే ఉన్నది.

ఈ వ్యాకరణ చర్చ ఇప్పుడు ఎందుకంటే, పసిబిడ్డలనూ పెంపుడు జంతువులనూ వేషాలు కట్టి, భంగిమలు పెట్టి ఫోటోలు తీసే ముచ్చట మన ఇళ్ళలో నిత్యకృత్యమైపోయింది. ఇరవై రోజుల శిశువును వెదురుబుట్టలో ముడుచుకొని పడుకోబెట్టడం, ఆరునెలల బిడ్డను పండ్ల నడుమ పండులాగా కూర్చోబెట్టడం, కుక్కకు కళ్ళజోడూ పిల్లికి పట్టులంగా తొడగడం - ఇవన్నీ ముద్దుకోసమే. ఎవరికి వచ్చే ముద్దు కోసం అన్నది మాత్రం మనం అడగడం మానేశాము.

*

గుజరాతులో తపతీనది సముద్రంలో కలిసేచోట, సూరత్ నగరానికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో హజీరా ఉన్నది. దాని పొరుగున ఉన్న సువాలీ తీరంలోనే 1612లో ఆంగ్లేయుల ఓడలు పోర్చుగీసువారిని ఓడించి, ఈ దేశంతో వర్తకానికి దారి చేసుకున్నాయి. ఇప్పుడక్కడ ఎరువుల కర్మాగారం, ఉక్కు కర్మాగారం, సహజవాయువును శుద్ధిచేసే కేంద్రం, ఓడరేవు, పెట్రోకెమికల్ పరిశ్రమలు వరుసగా నిలిచి ఉన్నాయి. ఉద్యోగరీత్యా వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ కాలనీలలో కనిపిస్తాయి. సూరత్ నగరంలోనైతే లింబాయత్ వంటి పేటలలో, తెలంగాణ జిల్లాలనుండి మరమగ్గాల పనికి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి.

గుజరాతీలదీ మనదీ ఒకటే నెలల లెక్క. ఉత్తరాదివారు భాద్రపదంలో చేసుకునే కృష్ణాష్టమి మనకూ వారికీ శ్రావణ బహుళాష్టమే. ఆ రోజు సూరత్ ప్రాంతంలో కృష్ణవేషం కట్టని పసిబిడ్డ ఉన్న ఇల్లు అరుదు. పసుపుపచ్చని ధోవతి, జరీ అంచు ఉత్తరీయం, మెరుపుల కిరీటం, నెమలిపింఛం, పూసల హారాలు, చేతిలో వేణువు, పక్కన దూదితో నింపిన వెన్నకుండ - అన్నీ కలిపి ఒక్క పొట్లంగా బజారులో అమ్ముతారు.

ఆ ధోవతి పట్టు కాదు, నూలు కాదు, పాలియెస్టరు. హజీరా పెట్రోకెమికల్ కర్మాగారంలో తయారయ్యే వస్తువులలో పాలియెస్టరు ముఖ్యమైనది. ఆ దారాన్ని నేసి, అద్దకం వేసి, మెరుగుపెట్టే మగ్గాలూ మిల్లులూ సూరత్‌లో ఉన్నాయి. దేశంలోని కృత్రిమ వస్త్రాలలో అధికభాగం ఆ నగరంనుండి వచ్చేదే. కనుక బాలకృష్ణుని పీతాంబరం చమురునుండి పుట్టి, తెలుగు నేతగాని చేతిమీదుగా నడిచి, తెలుగు బిడ్డ నడుమునే చేరడం ఏమంత అసంభవమైన ప్రయాణం కాదు. మెరుపు చెడదు, ముడత పడదు, ధర తక్కువ. దానికున్న లోపం ఒక్కటే: చెమటను పీల్చుకోదు. శ్రావణమాసంలో తపతీతీరపు ఉక్కలో ఆ ఒక్కటీ చిన్న లోపం కాదు.

అటువంటి ఒక కాలనీ ఇంటిలో ఒక అత్తాకోడళ్ళ నడుమ సాగిన సంభాషణ విన్నాను. బిడ్డకు ఏడు నెలలు. కిరీటం నుదుటిమీదికి జారుతున్నది, హారాలను నోట్లో పెట్టుకోబోతున్నాడు, ముఖం ఎర్రబడింది.

“అమ్మాయ్, చాల్లే తల్లీ. వాడికి ఉక్కపోస్తోంది. విప్పెయ్యి” అన్నది అత్తగారు.

“ఒక్కటి, ఒక్కటంటే ఒక్క ఫోటో అత్తయ్యా. నాన్న వీణ్ణి ఇంతవరకు చూడనే లేదు కదా. ఆయనకి పంపాలి” అన్నది కోడలు.

ఇద్దరిలో ఎవరిది తప్పు అనగలం? ఊరు విడిచి పన్నెండువందల కిలోమీటర్లు వచ్చినవారికి ఫోటో విలాసం కాదు. మనుమణ్ణి ఎత్తుకోలేని తాతకు అది చేతులకు మారుగా కళ్ళకు అందే బిడ్డ. ఆ కోడలిని ఆడంబరమని ఆక్షేపించడం అన్యాయం. కాని ఆ గదిలో మూడవ మనిషి ఒకడున్నాడు. వాడికి మాటలు రావు. వాడి తరఫున మాట్లాడినది అత్తగారు ఒక్కతే.

*

పసివాళ్ళను చూస్తే మనకు ముద్దు ఎందుకు వస్తుంది? ఆస్ట్రియా దేశపు జంతుప్రవర్తన శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1943లో దీనికొక సమాధానం చెప్పాడు. శరీరానికి మించిన తల, ముందుకు ఉబికిన నుదురు, ముఖంలో కిందిభాగాన పెద్ద కళ్ళు, బూరెబుగ్గలు, పొట్టి కాళ్ళూ చేతులూ - ఈ లక్షణాలు కనబడగానే పెద్దవారిలో సంరక్షించాలనే ప్రేరణ తనంతట తానే మేల్కొంటుందని ఆయన సిద్ధాంతం. ఆ లక్షణాలు మానవశిశువులోనే ఉండనక్కరలేదు. కుక్కపిల్లలో ఉన్నా, పిల్లికూనలో ఉన్నా, చివరకు బొమ్మలో ఉన్నా మన మనస్సు అట్లాగే కరుగుతుంది. అమెరికన్ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ 1979లో వ్రాసిన ఒక వ్యాసంలో, మిక్కీమౌస్ బొమ్మ ఏళ్ళు గడిచినకొద్దీ పెద్దతల, పెద్దకళ్ళతో ఏ విధంగా పసితనంవైపు పెరుగుతూ వచ్చిందో కొలిచి చూపించాడు.

అంటే ముద్దు అన్నది ప్రకృతి మనకు కట్టిన గంట. బిడ్డకు రక్షణ కావాలని ఆ గంట మ్రోగుతుంది. విచిత్రమేమంటే, మనం ఆ గంట నాదాన్ని వినడానికే అలవాటుపడి, అది ఎందుకు మ్రోగుతున్నదో మరచిపోగలము. బిడ్డకు అసౌకర్యం కలిగిస్తూ కూడ, ‘ఎంత ముద్దుగా ఉన్నాడో’ అని మురిసిపోగలము.

ఈ మురిపెం ఈనాటిది కాదు. 1839లో ఫోటోగ్రఫీ లోకానికి వెల్లడి అయిన తరువాత తొలి దశాబ్దాలలో, బొమ్మ పడడానికి క్షణాలు పట్టేది. అంతసేపు పసిబిడ్డ కదలకుండా ఉండడం కల్ల. అందుచేత విక్టోరియా మహారాణి కాలపు ఇంగ్లండులో తల్లి కుర్చీలో కూర్చొని, తలమీదుగా నిండా దుప్పటి కప్పుకొని, బిడ్డను ఒడిలో పట్టుకొనేది. బొమ్మలో బిడ్డ కనిపిస్తుంది. తల్లి ఒక మూటలాగా కనిపిస్తుంది. ఆ బొమ్మలు నేడు చూస్తే కొంత భయం కలుగుతుంది గాని, వాటిలో ఒక గొప్ప విషయం ఉన్నది. బిడ్డ నిశ్చింతగా ఉండడానికి తల్లి తన ముఖాన్ని వదులుకొన్నది. భంగిమ తల్లిది, సుఖం బిడ్డది.

మన హైదరాబాదులో రాజా దీనదయాళ్ 1892లో ఘోషా స్త్రీలకోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో పెట్టి, దాని నిర్వహణను ఒక ఆంగ్లవనితకు అప్పగించాడు. అది సంపన్నుల ముచ్చట. సామాన్య తెలుగు కుటుంబానికి స్టూడియో మెట్లెక్కే భాగ్యం కలిగించినది పూలజడ. వేసవి మల్లెలు దిగగానే ఆడపిల్లకు జడకుట్టించి, పట్టుపరికిణీ కట్టి, స్టూడియోకు తీసుకుపోయేవారు. వెనుక నిలువుటద్దం, ముందునుండి ముఖమూ, అద్దంలోనుండి జడా ఒకే బొమ్మలో రావాలి. ఆడపిల్లలు లేని ఇంట రెండేళ్ళ మగపిల్లవానికే జడవేసి, బొట్టుపెట్టి ఫోటో తీయించడమూ ఉండేది. ఆ పిల్లవాడు పెద్దవాడై, గోడమీది తన బొమ్మను పెళ్ళిచూపులనాడు ఎక్కడ దాచాలో తెలియక అవస్థపడిన ముచ్చట్లు ప్రతి బంధువర్గంలోనూ వినిపిస్తాయి.

ఆనాటి ఫోటోకు, నేటి ఫోటోకు ఒక భేదం గమనించాలి. అప్పుడు ఫిల్ము ఖరీదు. ఒకటి, మహా అయితే రెండు బొమ్మలు. పిల్ల ఏడ్చే లోగానే పని ముగిసేది. ఇప్పుడు జేబులోని ఫోనుకు ఖర్చు లేదు, కనుక అంతు కూడా లేదు. ‘ఇంకొక్కటి’ అన్న మాటకు పూర్వం డబ్బు అడ్డుపడేది. ఇప్పుడు దానికి అడ్డుపడవలసినది మన విచక్షణ ఒక్కటే.

*

జంతువుల సంగతి చూద్దాం. 1870 ప్రాంతాల ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో హారీ పాయింటర్ అనే ఫోటోగ్రాఫరు పిల్లులను టీ త్రాగుతున్నట్లు, బండి తోలుతున్నట్లు కూర్చోబెట్టి సుమారు రెండువందల బొమ్మలు తీశాడు. వాటిమీద ఒక చమత్కార వాక్యం వ్రాస్తే మరింత బాగా అమ్ముడుపోతాయని కనిపెట్టినది ఆయనే. తరువాత అమెరికాలో హారీ విట్టియర్ ఫ్రీస్ (1879-1953) అనే ఆయన పిల్లికూనలకూ కుక్కపిల్లలకూ గౌన్లూ టోపీలూ తొడిగి, వంట చేస్తున్నట్లు, బట్టలు ఆరవేస్తున్నట్లు బొమ్మలు తీసి, పిల్లల పుస్తకాలుగా, పోస్టుకార్డులుగా ప్రకటించాడు. దుస్తులు ఆయన తల్లి కుట్టేది. ఓర్పూ దయా తప్ప మరొక ఉపాయం లేదని ఆయన చెప్పుకొన్నాడు. తీసిన వాటిలో మూడింట రెండువంతులు పారవేయవలసివచ్చేదని కూడా చెప్పాడు. ఆ పారవేసిన బొమ్మలలోనే పిల్లుల అసలు అభిప్రాయం ఉండి ఉంటుంది.

గుజరాతులోనే, సౌరాష్ట్రంలోని జునాగఢ్ సంస్థానాన్ని పాలించిన చివరి నవాబు మూడవ మహబత్‌ఖాన్ వందలకొద్దీ కుక్కలను పెంచాడు. తన ముద్దుల కుక్క రోషనారాకు నగలు పెట్టి, అతిథులను పిలిచి, బాబీ అనే మగకుక్కతో రాజవైభవంగా వివాహం జరిపించాడన్న కథ దేశమంతటా ప్రచారంలో ఉన్నది. 1947లో ఆయన పాకిస్తాను వెళ్ళిపోయాడు. నవ్వుకోవడానికి ఇది మంచి కథే. కాని అదే నవాబు గిర్ అడవిలో సింహాల వేటను కట్టడి చేసి, వాటిని కాపాడినవారిలో ఒకడుగా కూడా చరిత్రలో నిలిచాడు. పెళ్ళికూతురు వేషం రోషనారాకు ఎంత సుఖాన్ని ఇచ్చిందో ఎవరికీ తెలియదు. సింహాలకు మాత్రం ఆయన ఏ వేషమూ వేయలేదు. వాటి అడవిని వాటికి ఉండనిచ్చాడు. ఒకే మనిషి జంతువులను ప్రేమించిన రెండు పద్ధతులివి. రెండవదాని ఫలితాన్ని నేటికీ గిర్‌లో చూడవచ్చును.

మనకూ గంగిరెద్దు ఉన్నది కదా అని పాఠకులు అడుగవచ్చును. నిజమే. సంక్రాంతినాడు కొమ్ములకు కుప్పెలు, వీపున రంగురంగుల బొంతలు, మెడలో గంటలు కట్టుకొని గంగిరెద్దు ఇంటింటికీ వచ్చి తల ఊపుతుంది. దానికీ వేషమే. అయితే ఆ వేషం కట్టేది పుష్యమాసపు చలిలో. ఆ ఎద్దూ ఆ మనిషీ సంవత్సరం పొడుగునా ఒకరి కడుపు ఒకరు చూసుకొని బ్రతకవలసినవారు. అట్లాగని మన సంప్రదాయంలోని ప్రతి ఆటనూ వెనకేసుకురానక్కరలేదు. చొక్కా లాగూ తొడిగిన కోతిని కర్రతో ఆడించిన రోజులు మనలో చాలామందికి గుర్తే. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం క్రింద, 1998లో కేంద్రప్రభుత్వం కోతి, ఎలుగుబంటి, పులి, చిరుత, సింహాలను ప్రదర్శనకు ఆడించడం నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది.

జంతువుల ముఖాలను మన ముఖాల నిఘంటువుతో చదవడం పెద్ద పొరపాటు. చేతులు రెండూ పైకెత్తి కళ్ళు విప్పార్చి చూసే స్లో లోరిస్ అనే జంతువు బొమ్మలు కొన్నేళ్ళ క్రితం ప్రపంచమంతటా తిరిగాయి. అది మన దక్షిణాది అడవులలోని దేవాంగపిల్లికి దగ్గరి చుట్టం. ఈశాన్య రాష్ట్రాలలో దాని జాతి ఉన్నది. చక్కిలిగింతలకు సంతోషించి చేతులు ఎత్తిందని జనం మురిసిపోయారు. నిజానికి దాని మోచేతి దగ్గర ఒక గ్రంథి ఉంటుంది. ఆ స్రావాన్ని లాలాజలంతో కలిపి విషకాటు వేయడానికి, భయపడినప్పుడు అది చేతులెత్తుతుంది. మనం చూసి ముద్దుపడినది దాని భీతిని.

ఇంటి కుక్క విషయమూ అంతే. నోరు తెరచి నాలుక వేలాడవేస్తే నవ్వుతున్నదని అనుకుంటాము. కుక్క శరీరపు సహజ ఉష్ణోగ్రత మనకంటె ఎక్కువ, 101 నుండి 102.5 ఫారన్‌హీట్ డిగ్రీల వరకు. చెమటగ్రంథులు దానికి ప్రధానంగా అరికాళ్ళలోనే ఉంటాయి. కనుక ఒంటివేడిని వదలగొట్టుకోవడానికి దానికున్న ముఖ్యమార్గం వగర్చడమే. అటువంటి జంతువుకు మే నెలలో శెర్వాణీ తొడిగితే, మన కంటికి కనబడే ఆ నవ్వు ఊపిరికోసం పడే పాటు కావచ్చును. ముక్కు అణిగిన పగ్ వంటి జాతులకు ఇది ప్రమాదం కూడా. నిద్రలేకున్నా ఆవలించడం, పెదవులు నాకుకోవడం, తోక ముడవడం, కంటి తెల్లగుడ్డు కనబడేటట్లు ప్రక్కచూపు చూడడం - ఇవి కుక్క భాషలో ‘చాలు’ అనే మాటకు పర్యాయపదాలు.

*

వేషం విప్పిన తరువాత ఏమవుతుంది? ఇంగ్లీషు సాహిత్యంలో దీనికి రెండు ప్రసిద్ధమైన ఉదాహరణలున్నాయి. ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ అనే రచయిత్రి 1886లో ‘లిటిల్ లార్డ్ ఫాంట్లెరాయ్’ అనే నవల ప్రకటించింది. అందులోని బాలనాయకునికి మూలం ఆమె చిన్నకొడుకు వివియన్. నల్లని మఖమలు సూటు, లేసు కాలరు వేసుకొన్న ఆ పిల్లవాని ఫోటోనే ఆధారం చేసుకొని చిత్రకారుడు రెజినాల్డ్ బర్చ్ బొమ్మలు వేశాడు. ఆ బొమ్మలు చూసిన తల్లులు వేలాదిమంది తమ కొడుకులకు మఖమలు తొడిగారు. ఒక తరం మగపిల్లలు ఆ సూటును తలచుకొని పళ్ళుకొరికారు. వివియన్ పెద్దవాడై, 1937లో తలక్రిందులైన పడవలోనివారిని కాపాడే ప్రయత్నంలో పాల్గొని, ఆ వెంటనే గుండె ఆగి మరణించాడు. అంతటి సాహసంతో ముగిసిన జీవితాన్ని పత్రికలు పరిచయం చేసినది అసలు ఫాంట్లెరాయ్ అనే పేరుతోనే. అరవైయేళ్ళ మనిషిని పదేళ్ళనాటి మఖమలు విడిచిపెట్టలేదు.

రెండవవాడు క్రిస్టఫర్ రాబిన్ మిల్న్. ఎలుగుబంటి బొమ్మతో ఆడుకొనే పిల్లవానిగా తండ్రి ఏ.ఏ.మిల్న్ 1926లో ‘విన్నీ ది పూ’లో అతణ్ణి అమరుణ్ణి చేశాడు. జులపాల జుట్టు, గౌను వంటి చొక్కాతో అతని ఫోటోలు లోకమంతా తిరిగాయి. బడిలో తోటిపిల్లల వెక్కిరింతలు భరించవలసివచ్చింది. 1974లో ప్రకటించిన ఆత్మకథలో అతడు ఆ చేదును దాచుకోలేదు. తల్లిదండ్రులకు ముద్దు వచ్చిన రూపం ఒకటి. తాను మోయవలసివచ్చిన రూపమూ అదే.

వారివి పుస్తకాలు. ఇప్పుడు ప్రతి ఇంటి ఫోటోకూ అంతటి వ్యాప్తి ఒక వ్రేలితాకిడితో సిద్ధిస్తున్నది. ఫ్రాన్సు దేశం 2020లో ఒక చట్టం చేసి, పిల్లల వీడియోలద్వారా వచ్చే సంపాదనలో వారి వాటా వారి పేరనే జమకావాలనీ, తమ బొమ్మలను తొలగించమని కోరే హక్కు పిల్లలకు ఉన్నదనీ చెప్పింది. 2024లో మరొక చట్టంద్వారా, బిడ్డ రూపాన్ని కాపాడడం తల్లిదండ్రుల బాధ్యతలో భాగమని స్పష్టపరచింది. మనదేశపు 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల సమాచారాన్ని వాడుకోవాలనే సంస్థలు తల్లిదండ్రుల అంగీకారం పొందాలంటుంది. ఇంట్లో ఫోటో తీసి పంచేది ఆ తల్లిదండ్రులే అయినప్పుడు మాత్రం, అడిగేవారూ ఒప్పుకొనేవారూ ఒక్కరే అవుతారు. చట్టం ఆ గడప దాటి రాలేదు.

*

అట్లయితే బిడ్డను అలంకరించడమే తప్పా? దీనికి సమాధానం గుజరాతులోనే దొరుకుతుంది, అదీ ఒక తెలుగు కుటుంబంనుండి వచ్చినది.

పుష్టిమార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యులు వెలనాటి తెలుగు బ్రాహ్మణ దంపతులైన లక్ష్మణభట్టు, ఇల్లమ్మలకు 1479లో, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని చంపారణ్యంలో జన్మించాడని సంప్రదాయం. ఆయన కుమారుడు విఠ్ఠలనాథుడు శ్రీకృష్ణుని బాలునిగా సేవించే విధానాన్ని విస్తరించాడు. గుజరాతు అంతటా ఆ మార్గం వేళ్ళూనుకొన్నది. సూరత్‌లో బాలకృష్ణలాల్‌జీ హవేలీ ఉన్నది. వారు ఆలయాన్ని హవేలీ అంటారు, అంటే ఇల్లు. దేవుణ్ణి లేపడం, అలంకరించడం, భోజనం పెట్టడం, పడుకోబెట్టడం - రోజుకు ఎనిమిది దర్శనాలు.

ఆ ఇంటి శృంగారంలో ఒక నియమం ఉన్నది. దేవుని దుస్తులను వారు ‘వాఘా’ అంటారు. ఎండాకాలం వస్తే తెల్లని పలుచని వస్త్రం, ఒంటికి చందనం, చుట్టూ వట్టివేళ్ళ తడకలు, నీటి చిమ్మెనలు. చలికాలం వస్తే దూది కూరిన బొంతదుస్తులు, ప్రక్కన నిప్పుల కుంపటి. బాలుడు నిద్రపోయే వేళ అయితే ఎంత దూరంనుండి వచ్చిన భక్తుడైనా తలుపు బయట ఆగవలసిందే. కదలని విగ్రహానికి ఉక్కపోస్తుందేమోనని, చలివేస్తుందేమోనని తల్లడిల్లే ప్రేమ అది. ఆ అలంకారం చూసేవారి కన్నులకు పండుగే. కాని మొదటి ప్రశ్న ఎప్పుడూ ‘స్వామికి సుఖంగా ఉన్నదా?’ అనేదే.

దీనిని మన ఇంటి గదిలోకి తెచ్చుకొంటే చాలు. రాతికీ లోహానికీ ఋతువును పాటించే దేశంలో, రక్తమాంసాలున్న బాలకృష్ణునికి శ్రావణపు ఉక్కలో పాలియెస్టరు పీతాంబరమా? పసిబిడ్డ శరీరానికి వేడినీ చలినీ సర్దుకొనే శక్తి పెద్దలకున్నంత ఉండదు. పలుచని నూలు పంచె పసుపులో ముంచి కట్టినా కృష్ణుడే అవుతాడు. ఊడివచ్చే పూసలూ, తీగ గుచ్చుకొనే పింఛమూ బిడ్డ నోటికీ కంటికీ అందకూడదు. ఏడ్చిన క్షణం కిరీటం దిగాలి.

చేతులమీద గడ్డం ఆనించి, కప్పలాగా ముడుచుకొని నిద్రపోతున్న నవజాత శిశువుల బొమ్మలు చూసి, ఇంట్లో అటువంటివి ప్రయత్నించేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. శిశువు మెడ దాని తల బరువును మోయలేదు. జాగ్రత్త తెలిసిన ఫోటోగ్రాఫర్లు ఆ భంగిమలో బిడ్డను ఒక్క క్షణమైనా వదలరు. ఒక బొమ్మలో తలను, మరొక బొమ్మలో చేతులను ఎవరో పట్టుకొని ఉంటారు. తరువాత రెండు బొమ్మలనూ కలిపి, పట్టుకొన్న చేతులను చెరిపివేస్తారు. ఆ శిశువు ఒంటరిగా అట్లా ఎన్నడూ నిలువలేదు. విక్టోరియా కాలపు తల్లి దుప్పటి కప్పుకొన్నది. నేటి తల్లి చేతులను యంత్రం తుడిచివేసింది. బిడ్డ వెనుక ఒకరు పట్టుకొని ఉండాలన్న నియమం మాత్రం మారలేదు.

మన పెద్దలు బిడ్డను ముస్తాబుచేసిన తరువాత బుగ్గన ఒక నల్లచుక్క పెట్టేవారు. దిష్టి తగులుతుందని వారి విశ్వాసం. విశ్వాసాన్ని ప్రక్కన పెట్టినా, అందులోని వివేకం నిలుస్తుంది. పసిబిడ్డమీద పడే చూపులకు ఒక మితం ఉండాలని, చూడడం కూడా బిడ్డకు బరువేనని వారు గ్రహించారు. అందమంతా సిద్ధమైన తరువాత, బిడ్డ క్షేమంకోసం చేజేతులా ఆ అందంలో ఒక లోపం చేశారు. ఈనాడు ఆ చుక్కను ఫోటోలోనుండి తుడిచివేసి, ముఖాన్ని ముక్కూమొగం తెలియని వేలాదిమంది ముందు పెడుతున్నాము. ఆ చుక్క స్థానంలో మనం పెట్టుకోగలిగినది ఒక చిన్న లెక్క: ఈ బొమ్మ తాతకు పంపవలసినదా, ఊరందరికీ చాటవలసినదా? పదిహేనేళ్ళ తరువాత ఈ పిల్లవాడు దీనిని చూసి మనతోపాటు నవ్వుతాడా?

ముద్దొచ్చినప్పుడే చంకెక్కాలని సామెత. ఆ సామెతలో ఎక్కేది బిడ్డ. సమయం చూసుకొనేదీ బిడ్డే. మనం చేయవలసినది చంక ఇవ్వడం. కిరీటం దించి, హారాలు తీసి, ఒంటిమీద చల్లని నూలుగుడ్డతో తుడిచి ఎత్తుకొన్నప్పుడు బిడ్డ నవ్వే నవ్వు ఒకటి ఉన్నది. చొక్కా విప్పగానే కుక్క ఒళ్ళంతా విదిలించుకొని తోక ఊపుతూ చుట్టూ పరుగెత్తే క్షణం ఒకటి ఉన్నది. దూరాన ఉన్న తాతగారికి పంపవలసిన ఫోటో అది. అందులో ముద్దు చూసేవారికి వస్తుంది; సుఖం చూడబడేవారికి ఉంటుంది. ఆ రెండు విభక్తులూ ఒక వాక్యంలో ఇమిడినప్పుడే ఆ బొమ్మ సార్థకం.